పెళ్లి కాని జంటకి జర్మనీలో పుట్టిన బిడ్డ: పౌరసత్వం కాగితాలు ఏ వరుసలో చేసుకోవాలి

మాది తెనాలి, ఉద్యోగం స్టుట్‌గార్ట్‌లో. పాప వాళ్ల నాన్న జర్మన్. మాకు పెళ్లి కాలేదు, ప్రస్తుతానికి ఆ ఆలోచన కూడా లేదు. ‘మా ఆయన’ అని రాస్తే అమ్మ ఊరుకోదు, ‘బాయ్‌ఫ్రెండ్’ అని రాయడానికి ఈ వయసులో నాకే సిగ్గేస్తుంది. కాబట్టి అంతటా ‘పాప వాళ్ల నాన్న’ అనే రాస్తాను.

ఇక్కడి తెలుగు అమ్మాయిలు నన్ను అడిగేది ఎక్కువగా ఒకటే: “అక్కా, పెళ్లి సర్టిఫికెట్ లేకుండా బిడ్డకి సిటిజన్‌షిప్ ఎలా?” తల్లి భారతీయురాలు, తండ్రి జర్మన్, బిడ్డ పుట్టింది జర్మనీలో అయితే పౌరసత్వానికి పెళ్లి సర్టిఫికెట్‌తో పని లేదు. కావలసింది ఇంకో కాగితం. అది కడుపుతో ఉండగానే చేయించుకోవాలి.

ముందు తండ్రి కాగితం

జర్మన్ చట్టం ప్రకారం తల్లిదండ్రుల్లో ఒక్కరు జర్మన్ అయినా బిడ్డ పుట్టుకతోనే జర్మన్. తల్లి జర్మన్ అయితే ఇక మాట్లాడుకునేదేమీ లేదు. తండ్రి ఒక్కడే జర్మన్, తల్లితో పెళ్లి లేదు అన్నప్పుడు మాత్రం అతను తండ్రి అని చట్టప్రకారం నమోదు కావాలి. పెళ్లి కాని జర్మన్ తండ్రి ద్వారా బిడ్డకి పౌరసత్వం రావడం 1993 జులై 1 నుంచే మొదలైంది. అంతకుముందు ఆ దారి లేదు.

ఆ కాగితాన్ని ఫాటర్‌షాఫ్ట్స్ అనెర్కెనుంగ్ అంటారు, అంటే ‘ఈ బిడ్డకి తండ్రిని నేనే’ అని తండ్రి అధికారికంగా ఒప్పుకోవడం. ఇది లేకపోతే అతను ఆసుపత్రిలో మీ పక్కనే నిలబడి బొడ్డుతాడు కోసినా చట్టం దృష్టిలో బిడ్డకి తండ్రి లేడు. ఇద్దరూ కలిసి ఒకే ఇంట్లో ఉంటున్నారన్న లెక్క కూడా పనికిరాదు.

దీన్ని యూగెండామ్ట్‌లో, అంటే పిల్లల సంక్షేమ ఆఫీసులో, ఉచితంగా చేస్తారు. జనన మరణాలు నమోదు చేసే ష్టాండెసామ్ట్‌లో గానీ నోటరీ దగ్గర గానీ కూడా చేయించుకోవచ్చు. తండ్రి ఒప్పుకుంటే చాలదు, తల్లి సమ్మతి కూడా అధికారి ముందే రాయించాలి. ఇద్దరూ ఒకే అపాయింట్‌మెంట్‌కి వెళ్తే ఒక్క పూటలో అయిపోతుంది. మమ్మల్ని అడిగినవి ఇద్దరి పాస్‌పోర్టులు, ఇద్దరి బర్త్ సర్టిఫికెట్లు, డాక్టర్ ఇచ్చిన ముట్టర్‌పాస్. ముట్టర్‌పాస్ అంటే మన దగ్గర గర్భిణులకి ఇచ్చే కార్డులాంటి చిన్న పుస్తకం, డెలివరీ తేదీ అందులో ఉంటుంది. జర్మన్ సరిగా రాకపోతే దుబాసిని పెట్టుకోమంటారు. వచ్చీ రాని భాషతో తల ఊపి సంతకం పెట్టే చోటు కాదది, దుబాసి ఖర్చుకి వెనకాడకండి.

బిడ్డ పుట్టాక కూడా చేసుకోవచ్చు. బిడ్డకి 23 ఏళ్లు నిండేలోపు చేసినా, కనీసం ఆ ప్రక్రియ మొదలుపెట్టినా జర్మన్ పౌరసత్వం వస్తుంది. అయినా ముందే చేయించుకోమని ఎందుకంటున్నానంటే, ఆలస్యమైతే బర్త్ సర్టిఫికెట్ తండ్రి పేరు లేకుండా వస్తుంది. మళ్లీ దాన్ని మార్పించాలి, ఈలోగా బిడ్డ జర్మన్ కాదు కాబట్టి రెసిడెన్స్ పర్మిట్ గోల మొదలవుతుంది. పచ్చి బాలింతగా ఆఫీసుల చుట్టూ తిరగడం అవసరమా?

వీసా సరిగా లేని తల్లి, లేదా పరిచయమే సరిగా లేని తండ్రి అయితే ఒక మాట. బిడ్డ జర్మన్ అయితే ఆ బిడ్డని పెంచుతున్న విదేశీ తల్లికి రెసిడెన్స్ పర్మిట్ అడిగే హక్కు వస్తుంది. అందుకోసమే దొంగ తండ్రుల్ని తెచ్చేవాళ్లు ఉన్నారని 2017లో చట్టంలో తనిఖీ పెట్టారు. అనుమానం వస్తే అధికారి ఫైల్ ఆపి, ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి పంపుతాడు. నిజమైన సంబంధమైతే భయం లేదు గానీ టైమ్ పోతుంది.

అదే ఆఫీసులో ఇంకో సంతకం కూడా అడుగుతారు. అది ఉమ్మడి సంరక్షణ పత్రం, జోర్గె ఎర్‌క్లేరుంగ్. పౌరసత్వానికి దీనితో సంబంధం లేదు. ఇది పెట్టకపోతే సంరక్షణ హక్కు మొత్తం తల్లిదే. పెడితే బిడ్డ పాస్‌పోర్ట్, స్కూలు, ఏ దేశంలో ఉండాలి అనే ప్రతి పెద్ద విషయానికీ ఇద్దరి ఒప్పుదలా కావాలి. నేను పెట్టాను, అతను మంచి తండ్రి అవుతాడని నాకు నమ్మకం కాబట్టి. కానీ ‘రేపు గొడవైతే పిల్లని తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లిపోతా’ అనుకునేవాళ్లు ఆ సంతకానికి ముందు లాయర్‌తో మాట్లాడండి. ఉమ్మడి హక్కు ఉండగా తండ్రి ఒప్పుకోకుండా బిడ్డని దేశం దాటించి ఉంచేస్తే జర్మనీలో క్రిమినల్ కేసు అవుతుంది.

పాత పెళ్లి ఉంటే

అన్నిటికంటే ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే, ఎవరూ పైకి చెప్పరు. ఇండియాలో పెళ్లై, విడిపోయి, విడాకులు ఇంకా పూర్తికాని స్థితిలో ఇక్కడ బిడ్డ పుడితే, జర్మన్ చట్టం ప్రకారం ఆ బిడ్డకి తండ్రి మీ భర్తే. ఎన్నేళ్లుగా మొహం చూసుకోకపోయినా అతనే. పాత భర్త పేరు చట్టంలో ఉన్నంతకాలం కొత్త తండ్రి ఒప్పుకోలు పత్రం చెల్లదు. బిడ్డ జర్మన్ పౌరసత్వం కూడా అక్కడే ఆగిపోతుంది.

బయటపడే దారి ఒకటుంది. విడాకుల పిటిషన్ కోర్టులో వేశాక బిడ్డ పుట్టి ఉండాలి. అసలు తండ్రి ఒప్పుకోలు, తల్లి సమ్మతి, వాటితో పాటు భర్త సమ్మతి కూడా కావాలి. డిక్రీ ఖరారయ్యాకే అది అమల్లోకి వస్తుంది. భర్త సంతకం పెట్టనంటే ఫ్యామిలీ కోర్టుకి వెళ్లి పితృత్వాన్ని సవాలు చేయాల్సిందే. కాబట్టి గుంటూరులోనో హైదరాబాద్‌లోనో కేసు నడుస్తుంటే అక్కడి వకీలుకి ఫోన్ చేసి పిటిషన్ తేదీ ఉన్న సర్టిఫైడ్ కాపీ తెప్పించుకోండి. పెద్దమనుషుల్లో రాయించుకున్న విడాకుల కాగితం ఇక్కడే కాదు, మన కోర్టులోనూ మామూలుగా నిలవదు.

విడాకులైపోయినవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. డిక్రీ రోజున భార్యాభర్తలిద్దరూ భారత పౌరులే అయి, భారత కోర్టే డిక్రీ ఇచ్చి ఉంటే జర్మనీలో దానికి ప్రత్యేక గుర్తింపు ప్రక్రియ అక్కర్లేదు. భర్త అప్పటికే అమెరికా పౌరుడై ఉంటే మాత్రం ఇక్కడి రాష్ట్ర న్యాయశాఖ ద్వారా గుర్తింపు తెచ్చుకోవాలి. కడుపుతో ఉన్నామని తెలిసిన నెలలోనే ఆ పని మొదలుపెట్టండి.

మన బర్త్ సర్టిఫికెట్ తంటాలు

మా తరంలో చాలామంది మునిసిపాలిటీ బర్త్ సర్టిఫికెట్ మీద అసలు పేరే ఉండదు, తల్లిదండ్రుల పేర్లు, ఆడ/మగ, అంతే. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. జర్మన్ గుమాస్తాకి ఈ మూడూ ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తాయి. ఇంటిపేరు ముందు రాసుకోవడం మన ఆచారమని అతనికి చెప్పి లాభం లేదు. ఊళ్లో మనిషి ఉంటే పేరు చేర్పించి కొత్త సర్టిఫికెట్ తీయించండి, ఇక్కడ ప్రమాణం చేసిన అనువాదకులతో జర్మన్‌లోకి మార్పించండి.

అపోస్టిల్, అంటే కాగితం విదేశాల్లో చెల్లేందుకు వేసే అంతర్జాతీయ ధ్రువీకరణ ముద్ర, వేయిస్తే సరిపోతుందని ఇండియాలో ఏజెంట్లు చెబుతారు. భారత్ అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది, అందుకని ఇక్కడ అది పనిచేయదు. అనుమానం ఉంటే ష్టాండెసామ్ట్ వాళ్లు మన కాగితాన్ని ఇండియాలోని జర్మన్ రాయబార కార్యాలయం ద్వారా తనిఖీకి పంపుతారు. అక్కడి నుంచి ఒక లాయర్ మీ ఊరి ఆఫీసుకి వెళ్లి రిజిస్టర్ చూసి వస్తాడు. ఖర్చు మనదే, నెలలు పడుతుంది. అమ్మానాన్నలకి ముందే చెప్పి ఉంచండి, ‘మా అమ్మాయి గురించి ఎవరో ఎంక్వైరీకి వచ్చారు’ అని కంగారుపడతారు.

ఈలోగా బిడ్డ పుడితే తల్లి గుర్తింపు రుజువు కాలేదన్న గమనికతో జనన రిజిస్టర్ నకలు ఇస్తారు. దాన్ని చూసి బెంగపడొద్దు. తనిఖీ పూర్తయ్యాక ఆ గమనిక తీసేస్తారు.

బిడ్డ పుట్టాక

పుట్టిన వారంలోపు జననం నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే సమాచారం వాళ్లే పంపుతారు. మనం ఇవ్వాల్సింది పేరు, తండ్రి ఒప్పుకోలు పత్రం. ఇంటిపేరు బాగా ఆలోచించి పెట్టండి. సంరక్షణ తల్లిదే అయితే మామూలుగా తల్లి ఇంటిపేరే వస్తుంది, ఉమ్మడి అయితే ఇద్దరూ కలిసి ఎంచుకోవాలి. 2025 మే నుంచి ఇద్దరి పేర్లూ కలిపి జంట ఇంటిపేరు కూడా పెట్టుకోవచ్చు. తర్వాత ఇండియా కాగితాల్లో ఇదే పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. బర్త్ సర్టిఫికెట్లు అడిగేటప్పుడే పలు భాషల్లో ఉండే అంతర్జాతీయ కాపీ కూడా తీసుకోండి.

జర్మన్ పాస్‌పోర్ట్ బ్యూర్గర్‌బ్యూరోలో, అంటే ఊరి పౌరసేవల ఆఫీసులో. 2024 నుంచి పిల్లల ప్రత్యేక పాస్‌పోర్ట్ ఎత్తేశారు, పసిబిడ్డకైనా మామూలు పాస్‌పోర్టే, ఆరేళ్లు చెల్లుతుంది, 37.50 యూరోలు. సంరక్షణ తల్లి ఒక్కదానిదే అయితే ఆ మాట చెప్పే పత్రం యూగెండామ్ట్ ఇస్తుంది, వెంట తీసుకెళ్లండి.

భారత పౌరసత్వమా, ఓసీఐనా?

జర్మన్ పాస్‌పోర్ట్‌కి అప్లై చేసేముందే ఇది తేల్చుకోండి. ఓసీఐ అంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు, అది పౌరసత్వం కాదు.

1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం 1992 డిసెంబర్ 10 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డకి తల్లి భారతీయురాలైనా భారత పౌరసత్వం వస్తుంది. అంతకుముందు తండ్రి భారతీయుడైతేనే. తల్లిదండ్రుల పెళ్లి గురించి ఆ సెక్షన్ ఏమీ అడగదు. కాకపోతే 2004 డిసెంబర్ 3 నుంచి ఒక షరతు ఉంది: ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి, బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్ట్ లేదని రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి.

గమనించండి, లేదని రాసివ్వాల్సింది పాస్‌పోర్ట్ గురించి. జర్మన్ పాస్‌పోర్ట్ తీసుకున్నారంటే ఈ తలుపు మూసుకున్నట్టే. తీసుకోకుండా భారత పౌరురాలిగా నమోదు చేయిస్తే, పెద్దయ్యాక రెండో పౌరసత్వాన్ని 18 నిండిన ఆరు నెలల్లో వదులుకోవాలి, లేదంటే భారత పౌరసత్వం పోతుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, జర్మన్ పౌరులు దేశం దాటాలంటే జర్మన్ పాస్‌పోర్ట్ ఉండాలంటుంది ఇక్కడి చట్టం. బిడ్డ ఇక్కడే పెరిగేటట్టయితే ప్రతి సెలవులకీ ఎయిర్‌పోర్టులో టెన్షనే. రెండు మూడేళ్లలో కుటుంబంతో ఇండియాకి తిరిగెళ్లిపోయేవాళ్లు తప్ప మిగతావాళ్లు జర్మన్ పాస్‌పోర్ట్, దానిమీద ఓసీఐ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. మేం అదే చేశాం.

2024 జూన్ 27 నుంచి జర్మనీ ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకుంటోంది కదా అని కొందరు వాదిస్తారు. జర్మనీ ఒప్పుకుంటుంది, ఇండియా ఒప్పుకోదు. తల్లికైనా అంతే, ఆమె జర్మన్ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. అలా బిడ్డ పుట్టకముందే మీరు జర్మన్ అయిపోయి ఉంటే బిడ్డకి ఓసీఐ వస్తుంది, మాజీ భారత పౌరురాలి సంతానంగా.

మైనర్ బిడ్డకి ఓసీఐ కావాలంటే తల్లిదండ్రుల్లో ఒక్కరు భారత పౌరులైతే చాలు. తల్లిదండ్రులకి గానీ తాత ముత్తాతలకి గానీ పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరసత్వం ఉన్నా, ఒకప్పుడు ఉండేదైనా మాత్రం రాదు. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో, ఫీజు 275 డాలర్లకి సమానమైన యూరోలు. మా బాడెన్-వుర్టెంబెర్గ్‌కి కాన్సులేట్ మ్యూనిక్‌లో. కాగితాల జాబితాలో తల్లిదండ్రుల పెళ్లి సర్టిఫికెట్ కనిపిస్తుంది. దాని స్థానంలో నేను పెట్టినవి: మాకు పెళ్లి కాలేదని ఇద్దరం సంతకం చేసిన పత్రం, తండ్రి ఒప్పుకోలు పత్రం, ఉమ్మడి సంరక్షణ పత్రం, వాటి ఇంగ్లిష్ అనువాదాలు. కౌంటర్‌లో ఉన్నాయన ఒక చూపు చూశాడు. చూడనివ్వండి. పాప సంతకం పెట్టలేదు కాబట్టి బొటనవేలి ముద్ర, కళ్లు తెరిచిన ఫోటో. ఆ ఫోటో తీయడమే అన్నిటికంటే కష్టమైన పని. ఓసీఐ వచ్చేలోపు ప్రయాణం తప్పదంటే ఈ-వీసా మీద తీసుకెళ్లొచ్చు. పాప వాళ్ల నాన్నకి మాత్రం వీసాయే దిక్కు, జీవిత భాగస్వామిగా ఓసీఐ కావాలంటే రిజిస్టరైన పెళ్లి రెండేళ్లు నడిచి ఉండాలి.

తాతలు పొలం సంగతి అడుగుతారు. ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు, గిఫ్టుగా కూడా తీసుకోకూడదు. వారసత్వంగా రావచ్చు. ‘మనవరాలి పేరున గిఫ్ట్ డీడ్ రాయిస్తా’ అన్న మా నాన్నకి వీలునామా రాయమని చెప్పాను. హిందూ వారసత్వ చట్టంలో పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డ తల్లికి వారసురాలే, కాబట్టి తల్లి వైపు ఆస్తి రాదేమోనన్న భయం లేదు.

మీ కేసు తిరగేసి ఉంటే, అంటే తండ్రి భారతీయుడు, తల్లి జర్మన్ అయితే, బిడ్డ ఎలాగూ జర్మనే. అయినా తండ్రి ఒప్పుకోలు పత్రం చేయించండి, ఓసీఐకి భారతీయ తండ్రిని చూపించాలంటే అదే ఆధారం. ఇద్దరూ విదేశీయులే అయితే, ఒకరు జర్మనీలో ఐదేళ్లుగా చట్టబద్ధంగా ఉంటూ శాశ్వత నివాస అనుమతి కలిగి ఉంటే, ఇక్కడ పుట్టిన బిడ్డకి జర్మన్ పౌరసత్వం వస్తుంది. 2024 జూన్‌కి ముందు ఆ గడువు ఎనిమిదేళ్లు.

ఓసీఐ చేతికొచ్చాక అటక మీద పడేయకండి. బిడ్డకి 20 ఏళ్లు వచ్చేదాకా జర్మన్ పాస్‌పోర్ట్ మారిన ప్రతిసారీ మూడు నెలల్లో కొత్త పాస్‌పోర్ట్ కాపీ, కొత్త ఫోటో ఓసీఐ పోర్టల్‌లో ఎక్కించాలి, దానికి ఫీజు లేదు. 20 దాటాక తీసుకునే మొదటి పాస్‌పోర్ట్‌కి మాత్రం కార్డు ఒక్కసారి మార్పించుకోవాలి.