బోరులో తెగిపోయిన కేబులు: కెమెరాతో చూసి తీసిన పద్ధతి

ఉదయగిరి వైపు రాతి నేలలో ఆరున్నర అంగుళాల బోరు. మోటరు పైకి లాగుతుంటే కేబులును పైపుకు కట్టిన టేపులు ఊడి, కేబులు మోటరు పక్కన ఇరుక్కుని తెగింది. మోటరు వచ్చింది, కేబులు లోపలే ఉండిపోయింది. అది తీయకుండా కొత్త మోటరు దించితే చుట్టుకుని మళ్ళీ ఇరుక్కుంటుంది.

వెంటనే కెమెరా దించకండి, కలక నీటిలో ఏమీ కనబడదు. ఒక రోజు కదపకుండా వదిలితే మడ్డి దిగింది. 312 అడుగుల దగ్గర తెగిన కొస కనబడింది: రాగి తీగలు మెరుస్తూ, కేబులు గోడకు ఒరిగి, కింద చుట్టలుగా.

కొక్కెం ఇలా చేయించాం: మూడు అడుగుల కడ్డీకి పైకి వంగిన ఆరు ముళ్ళు, మూడు వైపులా వెల్డింగ్. వాటి పైన నీళ్ళు పోయేలా రంధ్రాలున్న ఆరు అంగుళాల బిళ్ళ. ఈ బిళ్ళే ప్రాణం. అది లేకపోతే కేబులు కొక్కెం పైకెక్కి, కొక్కేన్నే బిగించేస్తుంది. చమురు బావుల్లో తెగిన తీగ తీసేవాళ్ళదీ ఇదే భయం.

తాడుతో కాదు, జీఐ పైపులతో దించాలి, అప్పుడే తిప్పగలం. కొస దాటి మూడు నాలుగు అడుగులే దించి, రెండు మూడు చుట్లు కుడివైపే తిప్పాలి; ఎడమకు తిప్పితే పైపుల మరలు ఊడతాయి. కేబులు తగులుకున్న బరువు తెలియకపోతే ఇంకో రెండడుగులు దించాలి. ఒకేసారి లోతుకు దించితే చుట్టలు ఉండలా బిగుస్తాయి.

చైన్ పుల్లీతో నిదానంగా లాగాక, మళ్ళీ కెమెరా దించి ముక్కలేమీ మిగల్లేదని చూశాకే మోటరు దించాం. ఈసారి పది అడుగులకో కట్టు.