వానాకాలం నేపియర్ సైలేజ్‌కి ఫార్మిక్ యాసిడ్ ఎప్పుడు వాడాలి, ఎంత వాడాలి

వర్షాలు మొదలయ్యాక పశుగ్రాసంగా వేసే సూపర్ నేపియర్ గడ్డి ఏపుగా పెరుగుతుంది, కోసి ఒక పూట ఆరబెడదామంటే మాత్రం ఎండ ఉండదు. ఆ తడితోనే సైలేజ్‌కి, అంటే గడ్డిని తరిగి గాలి తగలకుండా పులియబెట్టి నిల్వ చెయ్యడానికి, పాతర వేస్తే పులియాల్సిన గడ్డి కుళ్లుతుంది. మొక్కజొన్నలో ఉన్నంత చక్కెర నేపియర్‌లో ఉండదు కాబట్టి పులుపు పుట్టడం ఆలస్యమవుతుంది, ఈలోగా చెడ్డ బ్యాక్టీరియా పెరిగిపోతుంది. ఫార్మిక్ యాసిడ్ ఆ పులుపును మొదటి రోజే తెచ్చిపెడుతుంది. గడ్డిలో యాసిడ్ కలిపి నిల్వ చేసే పద్ధతికి ఫిన్లాండ్ శాస్త్రవేత్త విర్టానెన్‌కు 1945లో నోబెల్ కూడా వచ్చింది.

ప్రతి పాతరకీ ఇది అక్కర్లేదు. తరిగిన గడ్డిని గుప్పెట్లో గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే యాసిడ్ వేయాలి. నీళ్లు కారకుండా ముద్దయి, చెయ్యి తెరిచాక మెల్లగా విడిపోతే టన్నుకు 20-30 కిలోల మొలాసిస్ (చక్కెర ఫ్యాక్టరీ మడ్డి) చాలు, అనవసరంగా ఖర్చు పెట్టకండి.

85 శాతం ఫార్మిక్ యాసిడ్ అయితే టన్ను పచ్చిగడ్డికి 3 లీటర్లు. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు 10 లీటర్ల నీళ్లు పోసుకుని, ఆ నీళ్లలోకి యాసిడ్‌ని నెమ్మదిగా వంచాలి, యాసిడ్ మీద నీళ్లు పొయ్యకూడదు. రబ్బరు గ్లౌజులు, కళ్లకు రక్షణ అద్దాలు, బూట్లు లేకుండా డబ్బా మూత తియ్యొద్దు, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వొద్దు. ఒంటి మీద పడితే వెంటనే బట్టలు తీసేసి కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడగాలి, కంట్లో పడితే అలాగే కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

అర అడుగు గడ్డి పరచడం, గాలికి ఎదురు నిలబడకుండా ప్లాస్టిక్ క్యాన్‌తో సమానంగా చల్లడం, ట్రాక్టర్‌తో తొక్కించడం, మళ్లీ పరచడం. తొక్కుడు సరిగ్గా లేకపోతే ఎంత యాసిడ్ పోసినా గాలి ఉన్నచోట బూజు పడుతుంది. అదే రోజు కవర్ కప్పి అంచుల మీద మట్టి వెయ్యండి. పని అయ్యాక ఇనుప సామానంతా నీళ్లతో కడగండి, లేకపోతే యాసిడ్‌కి తుప్పు పడుతుంది.

చాలామంది అలవాటుగా యూరియా కలుపుతారు. తడి నేపియర్‌లో వద్దు, దాని నుంచి వచ్చే అమ్మోనియా పులుపును విరిచేస్తుంది.

45 రోజులయ్యాక తెరిచి, పులుపు ఎంతుందో చూపే పీహెచ్ పేపర్ పెడితే 4 దగ్గర ఉండాలి. వాసన కమ్మటి పులుపుగా కాకుండా కుళ్లు కంపు కొడితే ఆ భాగం పశువులకు వెయ్యొద్దు. యాసిడ్ వేసిన పాతర నుంచి రసం ఎక్కువగా కారుతుంది, అది బావి వైపో చెరువు వైపో పోకుండా ముందే చిన్న గుంట తవ్వి పెట్టుకోండి.