చలికి బండి మొరాయిస్తే ముందు చెవి పెట్టండి

తెల్లవారుజామున చలిలో తాళం తిప్పితే బండి అందుకోదు. మనమేం చేస్తాం? మళ్లీ తిప్పుతాం. మూడోసారి ఇంకాస్త గట్టిగా తిప్పుతాం, ఇంజన్ భయపడి కదులుతుందేమో అన్నట్టు. నేనూ అదే బాపతు. ఒక చలికాలం అలా కొట్టీ కొట్టీ విసిగిపోయి, బ్యాటరీ పోయిందని తేల్చేసి, పాతది మార్పిడికి ఇచ్చి కొత్తది తెచ్చి నా చేతులతోనే బిగించాను. మర్నాడు పొద్దున మళ్లీ అదే వరస. మెకానిక్ వచ్చి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కి తీగను పట్టి ఉంచే క్లాంపును రెండు వేళ్లతో పట్టుకుని ఊపితే గుండ్రంగా తిరిగింది. సాగిపోయిన క్లాంపును సర్ది, 10 నంబరు పానాతో బిగించాడు. బండి ఒక్క దెబ్బకి స్టార్టయింది. బిగించినవాణ్ణి నేనే కాబట్టి తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు.

అప్పట్నుంచీ రెండోసారి తాళం తిప్పేముందు, మొదటిసారి ఏం వినిపించిందో గుర్తు చేసుకుంటాను.

టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో పస లేదు, లేదా టెర్మినల్ దగ్గర కరెంటు సరిగ్గా దాటడం లేదు. 'గుర్ర్... గుర్ర్...' అని ముసలి ఎద్దులా బరువుగా తిరిగినా దాదాపు అదే. ఒక్కటే 'టక్' అని ఊరుకుంటే హెడ్‌లైట్లు వేసి ఇంకోసారి సెల్ఫ్ కొట్టండి. లైట్లు మసకబారి ఆరిపోయేలా ఉంటే బ్యాటరీనో కనెక్షనో. చెక్కుచెదరకుండా వెలుగుతుంటే ఇంజన్‌ని తిప్పే స్టార్టర్ మోటార్ వైపు చూడాలి. ఇంజన్ ఎప్పటిలాగే హుషారుగా తిరుగుతూ అందుకోకపోతే మాత్రం బ్యాటరీని వదిలేయండి. అది ఇంధనం గొడవో స్పార్క్ గొడవో.

అసలేమీ వినిపించకపోతే? గేరు ఒకసారి చూసుకోండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉండాలి. క్లచ్ చివరిదాకా తొక్కితే తప్ప సెల్ఫ్ తీసుకోని బళ్లున్నాయి. బటన్ స్టార్ట్ అయితే చలికి రిమోట్‌లోని చిన్న సెల్ నీరసపడి ఉండొచ్చు. చాలా బళ్లలో రిమోట్‌ని బటన్‌కే ఆనించి నొక్కితే పనవుతుంది.

చలికే ఎందుకిలా అంటే, బ్యాటరీ లోపల జరిగే రసాయన చర్య చల్లదనానికి మందగిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గరే బలం చెప్పుకోదగినంత తగ్గుతుంది. మైనస్ 18కి వచ్చేసరికి సుమారు సగమే మిగులుతుంది. సరిగ్గా అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి, తిప్పడానికి మామూలుకంటే ఎక్కువ బలం కావాలంటుంది. వేసవంతా నెట్టుకొచ్చిన బ్యాటరీ మొదటి చలికే చేతులెత్తేయడానికి కారణం ఇదే. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే ఆ 'డబ్ల్యూ' చలికాలానికి గుర్తు. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆయిల్ చలిలో అంత పల్చగా పారుతుంది. అలాగని తోచింది పోయకండి, మాన్యువల్ ఒప్పుకున్న గ్రేడే పోయాలి.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఊహలతో పని లేదు. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12కి దిగితే ఖాళీ అవుతున్నట్టు. స్టార్టయ్యాక 14కి అటూ ఇటూగా ఉండాలి. అక్కడా 12 దగ్గరే నిలబడితే, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని నింపాల్సిన ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇవ్వట్లేదు, కొత్త బ్యాటరీ కొన్నా రెండు రోజుల ముచ్చటే.

టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే నెగటివ్ ముందు విప్పండి, బిగించేటప్పుడు అది చివర. వంటసోడా కలిపిన నీళ్లతో బ్రష్ పెట్టి రుద్ది, తుడిచి, ఆరాక బిగించండి. చేత్తో ఊపితే కదలకూడదు. ఈ మాట నేను చెప్తున్నాను, నమ్మండి.

ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు అరువు తెచ్చే జంపర్ కేబుల్స్ దగ్గర మాత్రం తొందర పనికిరాదు. ముందుగా బ్యాటరీ ఉబ్బిందా, పగిలిందా చూడండి. చార్జింగ్ పూర్తిగా దిగిన బ్యాటరీ గడ్డకట్టుకుపోగలదు, అలాంటిదానికి కేబుల్ తగిలించనే కూడదు. బాగుంటే ఎర్ర కేబుల్ మన బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో కొస అవతలి బండి పాజిటివ్‌కి. నల్లది అవతలి బండి నెగటివ్‌కి. దాని రెండో కొస మన బ్యాటరీకి కాదు, దానికి దూరంగా ఇంజన్ మీద రంగు వేయని ఇనుప భాగానికి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, చివరి కనెక్షన్‌కి నిప్పురవ్వ లేస్తుంది, ఆ రెండూ కలవకూడదు. అవతలి బండి కొన్ని నిమిషాలు నడిచాక సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి 10 సెకన్లు మించకుండా, మధ్యలో ఒక నిమిషం ఆగి. ఆగకపోతే స్టార్టర్ మోటార్ కాలుతుంది. విప్పేటప్పుడు తగిలించిన వరసకి ఎదురు వరస.

పెట్రోలు బండి బానే తిరుగుతూ పెట్రోలు వాసన కొడితే, మన ఆత్రానికి స్పార్క్ ప్లగ్గులు పెట్రోలుతో తడిసిపోయాయన్నమాట. యాక్సిలరేటర్ నేలకి తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ బళ్లలో అప్పుడు పెట్రోలు ఆగి గాలి మాత్రమే లోపలికి వెళ్తుంది. డీజిల్ బండైతే డ్యాష్‌బోర్డు మీద స్ప్రింగులాంటి పసుపు గుర్తు ఆరేదాకా ఓపిక పట్టాలి. హీటర్ ప్లగ్గులు వేడెక్కే సమయం అది. ఎముకలు కొరికే చలిలో డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టర్‌ని మూసేస్తుంది. అప్పుడు సెల్ఫ్ ఎంత కొట్టినా లాభం లేదు, బండిని వెచ్చటి చోటికి చేర్చాల్సిందే.

స్టార్టయ్యాక తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బయటికి తీసి ఒక అరగంటైనా తిప్పుకురండి, పది నిమిషాల ప్రయాణాలతో బ్యాటరీ మళ్లీ నిండదు. సాధారణంగా దాని ఆయువు 3 నుంచి 5 ఏళ్లు. నేను మార్కర్‌తో కొన్న నెల, ఏడాది దాని మీదే రాసి పెట్టుకున్నాను. పక్కనే 'క్లాంపు ఊపి చూడు' అని కూడా రాశాను.