పీసీఓఎస్ ఉందేమో అనిపిస్తే ఎలా తెలుసుకోవాలి, ఏం చేయాలి?

మన దగ్గర చాలామందికి పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య) సంగతి స్కానింగ్ రిపోర్టుతోనే తెలుస్తుంది. పెళ్ళై ఏడాదైనా నెల తప్పలేదనో, పొత్తికడుపు నొప్పనో శ్రీకాకుళం వెళ్ళి స్కానింగ్ తీయిస్తారు. రిపోర్టులో పీసీఓడీ అని ఉంటుంది, పీసీఓఎస్‌కే అది ఇంకో పేరు. సాయంత్రానికల్లా "పిల్లకి అండాశయంలో గడ్డలట" అని చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళిపోతాయి.

అవి గడ్డలు కావు. పూర్తిగా ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన చిన్న చిన్న అండపు సంచులు. వాటిని కోసి తీసేయాల్సిన పని లేదు. చాలామందిలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ఒంట్లో దాని మోతాదు పెరుగుతుంది. దాంతో అండాశయాలు మగ హార్మోన్లను ఎక్కువగా తయారుచేస్తాయి, అండం విడుదల కాదు, నెలసరి వెనక్కి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఈ సమస్య ఉంది. స్కానింగ్ ఒక్కటే చూసి ఉందనీ లేదనీ తేల్చేయకూడదు కాబట్టి, ముందు ఖర్చు లేని పనితో మొదలుపెట్టండి.

1. తేదీలు రాయండి

నెలసరి మొదలైన రోజును పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్‌ మీద గుర్తు పెట్టండి. నలుగురి కంట పడుతుందనుకుంటే ఫోన్‌లో రాసుకోండి. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి మొదటి రోజు వరకు 21 నుంచి 35 రోజులుంటే మామూలే. తరచుగా 35 దాటుతున్నా, ఏడాదికి ఎనిమిది సార్లు కూడా రాకపోయినా డాక్టర్‌కు చూపించాలి.

కొత్తగా పెద్దమనిషైన పిల్లల లెక్క వేరు. మొదటి ఏడాది అటూఇటూ కావడం సహజం. ఆ తర్వాత మూడో ఏడు నిండేవరకు 45 రోజుల దాకా ఆగొచ్చు. మొదటి ఏడాది దాటాక ఎప్పుడైనా 90 రోజులు రాకపోయినా, 15 ఏళ్ళు నిండినా అసలు మొదలుకాకపోయినా ఇక ఆగొద్దు.

ఇంకో మాట. సిరిమానోత్సవం అనో, ఇంట్లో పెళ్ళనో నెలసరి వాయిదాకు మాత్రలు వేసుకుంటాం కదా. ఆ నెల పక్కన "మాత్ర" అని రాయండి. లేకపోతే ఆ ఆలస్యం జబ్బు వల్లో, మాత్ర వల్లో డాక్టర్‌కు అర్థం కాదు.

2. అద్దంలో చూసుకోండి

గడ్డం కింద, పై పెదవి మీద, ఛాతీ మీద, బొడ్డు కింద నల్లటి ముతక వెంట్రుకలు, ఇరవైలు దాటినా తగ్గని మొటిమలు, పాపిట దగ్గర పల్చబడుతున్న జుట్టు ఉన్నాయేమో చూడండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా మారితే మురికి అనుకుని సున్నిపిండితో తోమేస్తుంటారు. పాపం, ఎంత తోమినా అది పోదు. ఒంట్లో ఇన్సులిన్ పెరిగిందని అది చెబుతోంది.

బక్కపల్చగా ఉన్నవారికీ పీసీఓఎస్ వస్తుంది. గొంతు బొంగురుపోవడం, కొద్ది నెలల్లోనే గడ్డం మీసం దట్టంగా రావడం మాత్రం వేరే జబ్బు కావచ్చు, వెంటనే వెళ్ళాలి.

3. డాక్టర్ దగ్గరకు

తేదీల కాగితం పట్టుకుని ముందు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. పెద్ద పరీక్షలకు శ్రీకాకుళం రిమ్స్, విజయనగరం ఘోషా ఆసుపత్రి ఉన్నాయి.

పెళ్ళైనవారికి మొదట గర్భం ఉందేమో చూస్తారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) తేడా వల్ల కూడా నెలసరి తప్పుతుంది కాబట్టి ఆ రక్తపరీక్షలు, మగ హార్మోన్ల పరీక్ష రాస్తారు. బీపీ, కొలెస్ట్రాల్, గ్లూకోజ్ నీళ్ళు తాగించి చేసే షుగర్ పరీక్ష అవసరం. మిగతా జబ్బులు లేవని తేలాక మూడింటిలో రెండు ఉంటే పీసీఓఎస్ అంటారు: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ల లక్షణాలు, స్కానింగ్‌లో ఆ సంచులు. మొదటి రెండూ ఉంటే స్కానింగ్ లేకపోయినా పర్లేదు. పెద్దమనిషై ఎనిమిదేళ్ళు నిండని అమ్మాయిల్లో ఆ సంచులు మామూలుగానే ఎక్కువ కనిపిస్తాయి. అందుకే వాళ్ళకు మొదటి రెండు లక్షణాలూ ఉంటేనే లెక్క, స్కానింగ్‌తో పని లేదు.

4. తిండి, నడక

బరువు ఎక్కువున్నవారు 5 శాతం తగ్గినా చాలామందిలో నెలసరి మెరుగవుతుంది. అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు. చోడి (రాగి) అంబలి మంచిదే. కానీ అంబలి తాగేసి కంచం నిండా అన్నం తింటే తగ్గదు. పీసీఓఎస్‌కని ప్రత్యేకంగా నిరూపితమైన ఆహారమేమీ లేదు, కాబట్టి అన్నం కొంచెం తగ్గించి పప్పు, ఉలవలు, గుడ్డు, చేప, ఆకుకూర పెంచండి. బెల్లం కూడా చక్కెర లాంటిదే. రోజుకు నాలుగు టీలు తాగితే ముందు వాటిలో తీపి తగ్గించండి.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి, రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం చేయాలి. పొలం పని చేసేవారికి ఇది కొత్త కాదు. పలాసలో రోజంతా కూర్చుని జీడిపప్పు ఒలిచేవారికి, మెషిన్ మీద బట్టలు కుట్టేవారికే దీనితో ఎక్కువ అవసరం.

5. మందు ఎందుకో తేల్చుకోండి

ఇప్పుడే పిల్లలు వద్దనుకుంటే గర్భనిరోధక మాత్రలు ఇస్తారు. పెళ్ళికాని అమ్మాయికి ఆ మాత్రలేమిటని ఇంట్లో కంగారుపడతారు. ఇక్కడ అవి నెలసరిని, మొటిమలను, వెంట్రుకలను అదుపు చేయడానికి. వెంట్రుకల్లో తేడా కనబడాలంటే కనీసం ఆరు నెలలు పడుతుంది. బీపీ, కళ్ళ ముందు మెరుపులతో వచ్చే తలనొప్పి, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా, 35 దాటి చుట్టో బీడీయో కాల్చే అలవాటున్నా ముందే చెప్పేయండి.

మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే "పోనీలే, హాయిగా ఉంది" అనుకోకండి. గర్భాశయం లోపలి పొర పేరుకుపోయి, ఏళ్ళు గడిస్తే క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదముంది. బొప్పాయి, నువ్వుల ఉండలు తింటూ ఎదురుచూడటం కన్నా నెలసరి తెప్పించే ప్రొజెస్టిరాన్ మాత్రల గురించి డాక్టర్‌ను అడగండి.

షుగర్ వైపు తేడా ఉంటే మెట్‌ఫార్మిన్ రాస్తారు. మొదట్లో కడుపు పాడవుతుంది, అన్నం తిన్నాక తక్కువ మోతాదుతో మొదలుపెడితే సర్దుకుంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, మందస లాంటి ఉద్దానం ఊళ్ళవారు ఈ మాత్రకు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష తప్పనిసరిగా అడగాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఇది ఇవ్వకూడదు.

పిల్లలు కావాలంటే అండం విడుదలకు సాధారణంగా ముందు లెట్రోజోల్ వాడతారు. చాలామందికి గర్భం వస్తుంది. కోడలిని ఊరూరా తిప్పే ముందు కొడుక్కి వీర్యపరీక్ష చేయిస్తే సగం కాలం కలిసొస్తుంది. "పెళ్ళి చేసేస్తే అదే తగ్గిపోతుంది" అనే సలహా నాకు అసలు మింగుడుపడదు. పెళ్ళికీ ఇన్సులిన్‌కీ సంబంధం లేదు. నెలసరి సరిగ్గా రావట్లేదు కదా, గర్భం రాదులే అనుకోవడమూ పొరపాటే.

6. తర్వాత

మీసం గురించి, బరువు గురించి మాటలు పడీపడీ దిగులు పట్టుకుంటుంది. పీసీఓఎస్‌లో ఆందోళన, డిప్రెషన్ ఎక్కువని డాక్టర్లకు తెలుసు, వాళ్ళతో చెప్పుకోవచ్చు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు.

షుగర్ పరీక్ష ఒకటి నుంచి మూడేళ్ళకోసారి, బీపీ కనీసం ఏడాదికోసారి చూపించుకోండి. గర్భం వస్తే కార్డు రాయించుకునే రోజే ఏఎన్ఎమ్‌కు పీసీఓఎస్ ఉందని చెప్పండి. షుగర్ పరీక్షకు ఆరో నెల దాకా ఆగకుండా మొదట్లోనే ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయించాలి.