బీచ్ రోడ్డులో తీసిన వీడియో సినిమాలా కనపడాలంటే

కెమెరా కొనగానే వైజాగ్‌లో అందరం ముందు పరిగెత్తేది ఆర్కే బీచ్‌కే కదా. నేనూ అలాగే వెళ్ళా, పొద్దున్న పదకొండింటికి సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నిలబడి ఆటో మోడ్‌లో అరగంట తీశా, ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే అల విరిగినప్పుడు లేచే తుంపర ప్రతి చుక్కా గాజుపెంకులా విడివిడిగా కనిపిస్తోంది, నడిచే మనుషులు కూడా గతుక్కు గతుక్కుమంటూ కదులుతున్నారు. ఫోకస్ బాగుంది, క్లారిటీ బోలెడంత ఉంది, సినిమా మాత్రం లేదు. తప్పు కెమెరాది కాదు, అంత ఎండకి ఆటో మోడ్ షట్టర్‌ని, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయాన్ని, సెకనులో 1/2000 వంతు దాకా తీసుకెళ్ళిపోయింది.

అందుకే కెమెరా ఏది కొనాలి అని అడిగేవాళ్ళకి నేను ముందు ఎన్‌డీ ఫిల్టర్ గురించే, అంటే వెలుతురు తగ్గించడానికి లెన్స్ ముందు పెట్టే నల్లద్దం గురించే చెప్తా. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, షట్టర్ దానికి రెట్టింపు అంటే 1/48, మన కెమెరాల్లో దగ్గరగా ఉండేది 1/50. ఆ వేగంలో చెయ్యి ఊపితే కొంచెం చెదిరినట్టు పడుతుంది, మన కంటికి అలవాటైన సినిమా కదలిక అదే. మరి ఎండలో 1/50 పెడితే అంతా తెల్లగా కొట్టేస్తుంది. ఫిల్మ్ రోజుల నుంచి ఉన్న లెక్క ఏంటంటే మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, షట్టర్ 1/100, లెన్స్ రంధ్రం ఎఫ్ 16 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). మనకేమో 1/50 కావాలి, వెనకాల బ్లర్ కోసం ఎఫ్ 2.8 కావాలి, అంటే ఆరు స్టాపుల వెలుతురు ఎక్కువన్నమాట (ఒక్కో స్టాపుకీ వెలుతురు రెట్టింపు), దాన్ని ఆపాలంటే ఎన్‌డీ 64 ఉండాలి. లాగ్‌లో, అంటే తర్వాత రంగులు దిద్దుకోడానికి చప్పగా తీసే మోడ్‌లో తీస్తే, బేస్ ఐఎస్ఓ 800 ఉండే కెమెరాలకి ఇంకో మూడు స్టాపులు, అంటే ఎన్‌డీ 500 దాకా వెళ్ళాలి. తిప్పుకునే వేరియబుల్ ఎన్‌డీ సులువే గానీ చవకది కొంటే చివరిదాకా తిప్పినప్పుడు ఫ్రేములో నల్లగా ఇంటూ గుర్తు పడుతుంది, వైడ్ లెన్స్‌కి ఇంకా ఘోరం. పెద్ద సైజు ఒక్కటి మంచిది కొని చిన్న లెన్సులకి అది బిగేలా చేసే స్టెప్ అప్ రింగ్ పెట్టుకోండి.

ఇంకోటి, మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు దాని లయలోనే మినుకుతాయి. మా చిన్నాన్న కూతురి నిశ్చితార్థం నేనే తీశా, అప్పటికి ఈ సంగతి తెలీదు, కెమెరా ఎన్‌టీఎస్‌సీలో (60 హెర్ట్జ్ దేశాల సెట్టింగ్) ఉంది, షట్టర్ 1/60 పెట్టా, ఫంక్షన్ హాల్ లైట్ల కింద వీడియో మొత్తం నల్లటి చారలు పైకీ కిందకీ పాకుతూనే ఉన్నాయి, ఉంగరాలు మార్చుకునే షాట్‌తో సహా. అది మళ్ళీ తీయలేం కదా, ఇప్పటికీ బాధే. ఇక్కడ లైట్ల కింద 1/50 లేదా 1/100 పెట్టండి. కొన్ని కెమెరాల్లో పాల్‌లో (మన 50 హెర్ట్జ్‌కి సరిపోయే సెట్టింగ్) 24 కనపడదు, 25 పెట్టేయండి, కంటికి తేడా తెలీదు. స్లో మోషన్ కావాలంటే 50 ఫ్రేములు, షట్టర్ 1/100, ఎడిటింగ్‌లో 25 టైమ్‌లైన్ మీద వేస్తే సగం వేగానికి వస్తుంది. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా రంగు సరిచేసేది) ఆటోలో వదలొద్దు, ఎండకి 5600 కెల్విన్ దగ్గర లాక్ చేసేయండి, లేకపోతే షాట్ మధ్యలో మొహం రంగు మారిపోతుంది.

ఇక కెమెరా. షాపులో 4కె, 6కె అని చెప్తారు, మీరు మాత్రం 10 బిట్ ఉందా అని అడగండి. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, 10 బిట్‌లో 1024. తెల్లారగట్ల సముద్రం మీద ఆకాశం నారింజ నుంచి నీలంలోకి మెల్లగా కరుగుతుంది చూడండి, 8 బిట్‌లో లాగ్ తీసి కలర్ లాగితే అది చారలు చారలుగా విరిగిపోతుంది. సోనీ జడ్‌వీ-ఈ10 మొదటిది 8 బిట్, అది ఉన్నవాళ్ళు లాగ్ జోలికెళ్ళకుండా తీసుకుంటే బాగానే వస్తుంది, 2024లో వచ్చిన రెండోదానికి 10 బిట్ ఉంది గానీ బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకు ఆపేది) లేదు. చేత్తో పట్టుకుని తిరిగేవాళ్ళకి ఫూజీ ఎక్స్-ఎస్20 నాకు ఇష్టం. ఎండలో గంటలు గంటలు తీసేవాళ్ళు లోపల ఫ్యాన్ ఉన్నవి చూసుకోండి, పానాసోనిక్ ఎస్5 2, సోనీ ఎఫ్‌ఎక్స్30 లాంటివి. డబ్బులు చాలకపోతే బాడీ తగ్గించి ఎఫ్ 1.8 ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ ఒకటి కొనండి, ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) అయితే 35 ఎంఎం. అదీ కుదరకపోతే ఫోనే, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఫ్రీ, షట్టర్ లాక్ చేసుకోవచ్చు.

మన బీచ్‌లు తూర్పు వైపు ఉన్నాయి, ఇది మర్చిపోవద్దు. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక కొండల్లోకి పోతాడు, బంగారు వెలుతురు అని ఐదున్నరకి వెళ్తే ఇసక మీద నీడే ఉంటుంది. మే నెలలో అయితే ఐదున్నరకల్లా సూర్యుడు పైకొచ్చేస్తాడు కాబట్టి ఐదింటికే ఫిషింగ్ హార్బర్‌లో ఉండండి. చేపలు వేరుచేసే అమ్మని అడిగి, ఒప్పుకుంటేనే తీయండి. ఆవిడ వెనక సముద్రం పెట్టి ఎదురుగా తీస్తే మొహం నల్లగా పోతుంది. మీరే పక్కకి జరగండి, సూర్యుడు ఆవిడ ఒక చెంప మీద పడాలి, మీరు నీడ ఉన్న రెండో చెంప వైపు నిలబడాలి. అప్పుడు ముక్కుపుడక మెరుస్తుంది, గంపలో ఐస్ మీది ఆవిరి కూడా వెలుగు పట్టుకుంటుంది. జీబ్రా (మరీ తెల్లబడే చోట స్క్రీన్ మీద చారలు చూపించేది) 95లో పెట్టి ఆకాశం కొట్టేయకుండా చూసుకోండి, నీడ తర్వాత కొంచెం లేపుకోవచ్చు, తెల్లగా పోయింది మాత్రం తిరిగి రాదు. నేవీ బోర్డులు ఉన్న వైపు కెమెరా తిప్పకండి, పర్మిషన్ సంగతి తేలకుండా డ్రోన్ బ్యాగులోంచి తీయనే వద్దు.

ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి వెళ్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, తుడిచేకొద్దీ మళ్ళీ పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచండి, లేదా రాత్రే ఏసీ లేని గదిలో పెట్టుకోండి. తిరిగొచ్చాక తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ మీద ఉప్పు తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, గాలి చొరబడని డబ్బాలో రంగు మారే సిలికా జెల్ వేసి పెట్టండి. రంగు మారగానే జెల్ మార్చేయండి, మన తేమకి లెన్స్ లోపల ఫంగస్ రావడానికి ఒక్క వర్షాకాలం చాలు.