కొలనులో నాలుగు కిలోమీటర్లు ఈదేవారు సముద్రంలో గంటకే ఎందుకు చతికిలబడతారు?

తిరుపతిలో దూర సముద్ర ఈతకు సిద్ధమయ్యేవారు నాకు చెప్పే సమస్య దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇరవై అయిదు మీటర్ల కొలనులో 4 కిలోమీటర్లు ఆగకుండా ఈదగలరు. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా తూపిలిపాళెం చేరి సముద్రంలో దిగితే మొదటి ముప్పావు గంట హాయిగా సాగుతుంది. ఆ తరువాత చేతులు బరువెక్కి, తల పట్టేసి, కడుపులో తిప్పి, రెండు కిలోమీటర్లు దాటేసరికి పడవ అంచు పట్టుకుంటారు. స్టామినా చాలడం లేదని తామే తీర్మానించుకుని, మర్నాటి నుంచి కొలనులో ఇంకో వెయ్యి మీటర్లు పెంచుతారు. ఆ వెయ్యి మీటర్లతో ఈ సమస్య తీరగా నేను ఇంతవరకు చూడలేదు.

పడవ లేకుండా సముద్రంలో దిగకూడదని, అలలు విరిగే చోటు ఎలా దాటాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. తూపిలిపాళెం దూరమని కల్యాణి డ్యాం వైపు చూసేవారికి ఒక్క మాట: అది తాగునీటి జలాశయం, ఆ ఆలోచన మానుకోండి.

ఏ నిమిషంలో మొదలైంది?

బాధ ఎక్కడ పుట్టిందని అందరూ చెబుతారు కానీ, ఎప్పుడు పుట్టిందో చెప్పరు. దిగిన పది పదిహేను నిమిషాల్లోనే ఊపిరి అందకపోతే అది కంగారు. నీళ్ళలో ముఖం పెట్టినప్పుడు గాలి పూర్తిగా వదలడం లేదు. మొదటి అయిదు నిమిషాలు ఉద్దేశపూర్వకంగా నెమ్మదిగా ఈదుతూ బుడగలు వదిలితే సర్దుకుంటుంది.

వెళ్ళేటప్పుడు బాగుండి, తిరిగి వచ్చేటప్పుడు మాత్రమే నీరసం వస్తే, ముందు గడియారం చూడండి. మన తీరం వెంబడి నీటి ప్రవాహం సాధారణంగా వేసవిలో ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి సాగుతుంది. ఏప్రిల్‌లో ఉత్తరంగా వెళ్ళి దక్షిణంగా తిరిగి వచ్చేవారికి పోయేటప్పుడు ప్రవాహం మోసిపెట్టిన దూరం, వచ్చేటప్పుడు అప్పు తీర్చినట్లు కట్టవలసి వస్తుంది. రాకపోకల సమయాలు విడివిడిగా రాసుకుంటే ఈ విషయం ఒక్క రోజులో తేలిపోతుంది. ముందుగా ఎదురు ప్రవాహంలో వెళ్ళి, దాని వాలున తిరిగి రండి.

కొలను గోడ సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. 4 కిలోమీటర్లకు 159 మలుపులు. మలుపుకు అయిదు మీటర్లు గోడను తన్ని జారితే, దాదాపు 800 మీటర్లు మీరు ఈదనే లేదు. వారానికి ఒకసారి గోడను తాకకుండా, ఒక మీటరు ముందే తిరిగి ఈదడం అలవాటు చేసుకుంటే చాలు.

ఈ మూడూ సరిచూసిన తరువాత కూడా, నలభై నిమిషాలు దాటాక, రాకపోకలు రెండింటిలోనూ ఒకేలా కూలబడుతున్నారంటే, అసలు దొంగ వేరే ఉన్నాడు.

నీళ్ళలో ఉండగా వడదెబ్బ

ఈ మాట విని నవ్వినవారిలో నేనూ ఒకణ్ణి. నలభై డిగ్రీలు దాటే ఎండలో పెరిగినవాళ్ళం, నీళ్ళలో దిగాక వేడి ఏమిటని అనుకుంటాం. ఒంట్లో పుట్టిన వేడి బయట గాలిలో చాలావరకు చెమట ఆరడం వల్ల పోతుంది. నీళ్ళలో చెమట పడుతుంది కానీ ఆరదు. ఇక మిగిలిన దారి చర్మం నుంచి నీటిలోకి వేడి పోవడమే. నీరే 30 డిగ్రీలు ఉంటే ఆ దారీ సగం మూసుకుపోయినట్లే. చెమట మాత్రం కారుతూనే ఉంటుంది; కనిపించదు, నోరంతా ఉప్పుగా ఉండడం వల్ల దాహం కూడా సరిగ్గా తెలియదు.

మనం దీన్ని పట్టుకోలేకపోవడానికి కారణం చదివే చదువులోనే ఉంది. దూర ఈత గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు ఛానెల్ లాంటి చల్లని నీళ్ళ కోసం రాసినవి. వేసవిలో కూడా 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండే ఆ నీటిలో ఒంటి వేడిని కాపాడుకోవడమే పెద్ద పని. భారతీయ ఈతగాడు మిహిర్ సేన్ 1958లో ఆ ఛానెల్‌ను, 1966లో మనకూ శ్రీలంకకూ మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదారు. మనిషి ఒకరే అయినా ఆ రెండు నీళ్ళకు తయారయ్యే పద్ధతి ఒకటి కాదు. మనవాళ్ళ కల సాధారణంగా తలైమన్నార్ నుంచి ధనుష్కోటి దాకా ఉన్న దాదాపు 30 కిలోమీటర్ల పాక్ జలసంధి. 2021 మార్చిలో మన తెలుగు ఈతగత్తె గోలి శ్యామల ఈదింది దాన్నే. అక్కడ మీకు కావలసింది వేడికి తట్టుకునే ఒళ్ళు.

నా సంగతి చెబుతాను. ఒక ఏప్రిల్‌లో, ఛానెల్ ఈతగాళ్ళ సలహా చదివి, రెండు సిలికాన్ టోపీలు ఒకదానిపై ఒకటి పెట్టుకుని తూపిలిపాళెంలో దిగాను. దారిలో బండి ఆపవలసి వస్తుందని తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి ఒక కప్పు కాఫీ తప్ప మరేమీ తాగలేదు. పడవకు డీజిల్ తేవడంలో ఆలస్యమై, మొదలుపెట్టేసరికి ఎనిమిదిన్నర అయింది. గంట దాటాక పడవ నడిపే అబ్బాయి, "అన్నా, ఎడం చెయ్యి పైకి లేవడంలా" అన్నాడు. కాసేపటికి, ఆ వేడినీళ్ళలో నాకు చలి వేసింది. ముంజేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నీళ్ళు చల్లబడ్డాయని సంతోషించాను. అది ఒళ్ళు అదుపు తప్పుతున్న గుర్తని తెలియదు. ఎడమ భుజం దెబ్బతిన్నదనుకుని రెండు నెలలు రబ్బరు పట్టీలతో వ్యాయామం చేశాను, చేతి తీరు మార్చుకున్నాను, డబ్బు వదిలించుకున్నాను. భుజానికి అప్పుడూ ఇప్పుడూ ఏ లోపమూ లేదు.

చేయవలసిన తనిఖీ: తూకం

ఇంత చిన్న పని ఎవరూ ఎందుకు చేయరో నాకు అర్థం కాదు. కారు డిక్కీలో తూకం మిషను పెట్టుకోండి. ఇసుక మీద పెడితే తప్పు చూపిస్తుంది కనుక అడుగున ఒక చెక్క పలక ఉండాలి. దిగేముందు, మూత్రానికి వెళ్ళివచ్చి, ఈత నిక్కరుతో బరువు చూడండి. బయటికి వచ్చాక ఒళ్ళు, తల బాగా తుడుచుకుని, నిక్కరు పిండుకుని మళ్ళీ చూడండి. మధ్యలో తాగినది తగ్గిన బరువుకు కలపండి.

నేను ఆలస్యంగా, జూన్‌లో, ఈ పని చేసినప్పుడు వచ్చిన అంకెలు ఇవి. ఇంట్లో ఉదయం మామూలుగా ఉండే బరువు 72 కిలోలు. తీరంలో దిగేముందు 71.2. రెండు గంటల పది నిమిషాల తరువాత 69.7. మధ్యలో తాగినది 400 మిల్లీలీటర్లు. అంటే ఈతలో దాదాపు 1.9 లీటర్లు పోగా, అంతకుముందు ప్రయాణంలోనే 800 గ్రాములు తగ్గి దిగాను. ఒంటి బరువులో రెండు శాతం మించి నీరు పోతే శక్తి తగ్గడం సహజం. నాకు మూడు శాతం దాటింది. అసలు నష్టం నాయుడుపేట రోడ్డు మీదే మొదలైందని అప్పుడు తెలిసింది.

రెండో తనిఖీ థర్మామీటరు. చేపల తొట్టెలో వాడేది చాలు, 40 సెంటీమీటర్ల లోతున పెట్టి చూడండి. అంతర్జాతీయ పోటీల్లో నీరు 31 డిగ్రీలు దాటితే బహిరంగ జలాల ఈత జరపరాదన్న నియమం ఊరికే రాలేదు. 2010 అక్టోబరు 23న ఫుజైరాలో, వేడినీళ్ళలో జరిగిన 10 కిలోమీటర్ల పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ మరణించాడు. ఆయన ప్రపంచ స్థాయి ఈతగాడు, మనలా వారాంతపు ఈతగాడు కాడు.

పరిష్కారం

ముందురోజు సాయంత్రం నుంచే తాగడం మొదలుపెట్టండి. ప్రయాణంలో అర లీటరు కొద్దికొద్దిగా తాగి, బండి ఎక్కడ ఆపవలసి వస్తే అక్కడ ఆపండి. మూత్రం ఎండుగడ్డి రంగులో ఉంటే దిగవచ్చు. నువ్వుల నూనె రంగులో ఉంటే ఆ రోజు దూరం తగ్గించుకోండి. సిలికాన్ టోపీ తీసేసి, పలుచని గుడ్డ టోపీ, అదీ కొట్టొచ్చే రంగుది, పెట్టుకోండి. నడుముకు రంగు తేలుడు బుడగ కట్టుకుంటే పడవకు ఎటూ కనిపిస్తారు.

లీటరు నీటికి ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రుచికి నిమ్మరసం కలిపి, పడవ వాళ్ళ ఐసు పెట్టెలో పెట్టించండి. చల్లటిదే ముఖ్యం, అది లోపలి నుంచి వేడిని తగ్గిస్తుంది. ప్రతి ఇరవై నిమిషాలకు 150 నుంచి 200 మిల్లీలీటర్లు, దాహం వేసినా వేయకపోయినా. అయితే బరువు దిగేముందు కంటే పెరిగి వస్తే, తాగింది ఎక్కువైందని అర్థం. గంటల తరబడి ఉత్త నీళ్ళే పోసుకుంటే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తుంది.

ఉదయం పెందలాడే దిగితే నీళ్ళు చల్లగా ఉంటాయన్నది బావికి, చెరువుకు చెల్లుతుంది. సముద్రం తెల్లవారుజామున కూడా పెద్దగా చల్లబడదు. పెందలాడే దిగడంలో లాభమల్లా వీపు మీద ఎండ లేకపోవడమే, అది తక్కువ లాభమేమీ కాదు. కొలనులో తెల్లవారి చల్లదనంలో మాత్రమే సాధన చేసినవారు, సముద్రానికి రెండు వారాల ముందు నుంచి బయటి కొలనులో మధ్యాహ్నం మూడు గంటలకు, గట్టున ఒకరిని ఉంచుకుని, అరగంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ ఒంటిని వేడికి అలవాటు చేసుకోవాలి.

పడవలో ఉన్నవారికి ఒక పని అప్పగించండి: సీసా అందించిన ప్రతిసారీ "ఇది ఎన్నో సీసా?" అని అడగాలి. తడుముకుంటే, లేదా వేడినీళ్ళలో చలి వేస్తోందంటే, మీరు ఎంత బతిమాలినా పైకి లాగేయాలి. ఈ ఒప్పందం ఒడ్డున ఉండగానే కుదరాలి. నీళ్ళలో మీ మాటకు విలువ ఉండదు.

మిగిలినవి

మెడ, నడుము పట్టేస్తే దారి చూసుకోవడానికి తల మరీ ఎత్తుతున్నారు. కళ్ళద్దాలు మాత్రమే నీటి పైకి వస్తే చాలు. ఒకవైపుకే పోతుంటే రెండువైపులా ఊపిరి తీయడం నేర్చుకోండి. దిగిన కాసేపటికే వాంతి వస్తోందంటే పడవ పొగ పీలుస్తున్నారేమో చూసి, గాలి వచ్చే వైపుకు మారండి. చంకల్లో ఒరుసుకుపోతే పెట్రోలియం జెల్లీ రాయండి, కొబ్బరినూనె నిలవదు. జెల్లీ చేపలు కనిపిస్తే ఆ రోజు వద్దు.

అరుదుగా, ఈదుతుండగానే దగ్గు ఆగక, నురుగుతో గులాబీ రంగు కఫం వస్తే అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. దానికి నీళ్ళలో, పడవలో చేయగల వైద్యం లేదు. వెంటనే పడవ ఎక్కి, కూర్చున్న భంగిమలోనే ఆసుపత్రికి వెళ్ళండి.