శిష్యత్వ సాధన – 4వ పాఠం: సణుగుడును ఆలకించడం

గత పాఠంలో అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం చివరి వచనాలు చదివి, భూములు, ఇండ్లు అమ్మినవారు ఆ వెలను తెచ్చి అపొస్తలుల పాదాల యొద్ద పెట్టిన సంగతిని నోటుపుస్తకంలో వ్రాసుకున్నాము. ఆ పేజీని ఈ వారమంతా ఎదురుగా ఉంచుకోండి, ఎందుకంటే ఈ పాఠంలోని చిక్కు ఆ డబ్బు దగ్గరే మొదలైంది. ఇప్పుడు అభ్యాసానికి తీసుకుంటున్న భాగం 6వ అధ్యాయం 1 నుండి 7 వరకు గల వచనాలు. అనుదినం ఆహారం పంచే పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూచారని, గ్రీకుభాష మాట్లాడే యూదు విశ్వాసులు హెబ్రీయుల మీద, అంటే అరామిక్ మాట్లాడే యూదు విశ్వాసుల మీద, సణిగిన సంగతి అందులో ఉన్నది. సంఘంలో ఒక ఫిర్యాదు వినబడినప్పుడు దాని గొంతులోని కటుత్వాన్ని ఒక పక్కన, దానిలోని నిజాన్ని మరొక పక్కన పెట్టి వినగలగడమే ఈ వారం మనం నేర్చుకోవలసిన నేర్పు.

మొదటిసారి కలం పట్టుకోకుండా, పైకి వినబడేలా చదవండి. తరువాత బైబిలు మూసి, ఈ ఏడు వచనాల్లో ఎవరు మాట్లాడారో, ఎవరు మాట్లాడలేదో జ్ఞాపకం నుంచి వ్రాయండి. అపొస్తలులు మాట్లాడారని అందరూ వ్రాస్తారు. విధవరాండ్రు ఒక్క మాటైనా మాట్లాడలేదని వ్రాసేవారు తక్కువ. వారి పక్షాన సణిగినవారు వేరేవారు. నింద మోసిన హెబ్రీయులైతే బదులే చెప్పలేదు. తాము కావాలని చేయలేదనీ, లెక్కలు చూసుకొమ్మనీ వారు చెప్పి ఉండవచ్చు గాని, గ్రంథకర్త లూకా ఆ సంజాయిషీని ఒక్క వాక్యంలోనైనా నమోదు చేయలేదు. నింద విన్న వెంటనే సంజాయిషీకి దిగే అలవాటున్న మనం ఈ మౌనం దగ్గర కొంతసేపు ఆగవలసి ఉంటుంది.

రెండవసారి కలంతో చదువుతూ, 1వ వచనంలో మూడు మాటల కింద గీత గీయండి. మొదటిది “సణుగసాగిరి”. నిర్గమకాండము 16వ అధ్యాయంలో ఆహారం కోసం ఇశ్రాయేలీయులు మోషే అహరోనుల మీద సణిగినప్పుడు తెలుగు బైబిలు వాడిన క్రియ ఇదే. గ్రీకులో కూడా ఇక్కడ లూకా వాడిన ‘గొంగుస్మోస్’ అనే మాట, పాత నిబంధన గ్రీకు అనువాదంలో అరణ్యపు సణుగుడుకు వాడిన మాటే. లేఖనాలు ఎరిగినవాడు ఈ మాట వినగానే ఇక మందలింపు వస్తుందని ఎదురుచూస్తాడు. పౌలు కూడా ఫిలిప్పీయులకు వ్రాస్తూ సణుగులు మానుమనే చెప్పాడు. అయినప్పటికీ ఇక్కడ అపొస్తలులు సణిగినవారిని గద్దించలేదు. సణగడం తప్పే కావచ్చు, కాని సణిగిన సంగతి నిజం.

రెండవ మాట “చిన్నచూపు”. మన అనువాదంలో ఈ మాటకు తృణీకారం అనే ఛాయ ఉన్నది. మూలంలోని క్రియకు పక్కగా చూసి దాటిపోవడం, అంటే కంటికి ఆనకపోవడం అనే అర్థం కూడా వస్తుంది. పైగా అది ఒక్కరోజు జరిగి ఆగిపోయిన పనిని గాక, జరుగుతూ వస్తున్న పనిని సూచించే కాలంలో ఉన్నది. పంచేవారికి ద్వేషం ఉన్నదని గ్రంథం చెప్పడం లేదు. ద్వేషం లేకుండానే ప్రతి దినం కొందరు లెక్క తప్పిపోవచ్చు. ఇది నాకు మరింత భయం కలిగించే సంగతి, ఎందుకంటే ద్వేషించినవాడు తన్ను తాను పరీక్షించుకుంటే దొరుకుతాడు గాని, చూడనివాడికి తాను చూడలేదన్న సంగతే తెలియదు.

మూడవ మాట “శిష్యులు”. ప్రాచీనమైన ప్రతులను అనుసరిస్తే అపొస్తలుల కార్యములలో ఈ మాట మొట్టమొదట కనిపించేది ఈ వచనంలోనే. గ్రంథకర్త విశ్వాసులను తొలిసారి శిష్యులని పిలిచిన వాక్యంలోనే తగవు ఉన్నది.

ఈ విధవరాండ్రు ఎవరో కొంత తెలుసుకుంటే పాఠం దగ్గరవుతుంది. యెరూషలేములో గ్రీకు మాట్లాడే యూదులకు వేరే సమాజమందిరాలుండేవి. ఇదే అధ్యాయం 9వ వచనంలో కురేనీయుల, అలెక్సంద్రియుల ప్రస్తావన చూడండి. 1913–14 తవ్వకాలలో యెరూషలేములో దొరికిన థియొదొతు శాసనం గ్రీకులోనే ఉన్నది. ధర్మశాస్త్ర పఠనానికి ఒక మందిరాన్ని, పరదేశాల నుండి వచ్చినవారికి బస గదులను, నీటి వసతిని కట్టించినట్లు అది చెబుతుంది. దూరదేశాల్లో బ్రదికి, ముదిమిలో పరిశుద్ధ పట్టణానికి చేరిన దంపతుల్లో భర్త మరణిస్తే, భార్య బంధువులు లేని చోట, వాడుకభాష అరామిక్ అయిన వీధుల్లో మిగిలిపోయేదని పలువురు పండితులు ఊహిస్తారు. అన్నం పంచే చోట తన పేరు ఎవరు చదివారో అర్థం కాని వృద్ధురాలిని తలచుకొని 1వ వచనాన్ని మళ్ళీ చదవండి.

ఇప్పుడు 2 నుండి 6 వచనాల్లోని క్రియలను మాత్రమే వరుసగా వ్రాసుకోండి. అపొస్తలులు శిష్యుల సమూహాన్ని పిలిచారు, ఏడుగురిని ఏర్పరచుకొమ్మన్నారు, సమూహం ఏర్పరచుకొన్నవారి మీద ప్రార్థన చేసి చేతులుంచారు. డబ్బు ఎవరి పాదాల యొద్ద ఉన్నదో పాత పేజీలో మీరే వ్రాశారు. ఫిర్యాదు హెబ్రీయుల మీద అని వచనం చెప్పినా, పంపకపు బాధ్యత అప్పటికి అపొస్తలులదే. వారు ఇకమీదట జాగ్రత్తగా పంచుతామని మాట ఇవ్వలేదు. పంచే అధికారాన్నే వదులుకున్నారు, వదులుకున్నదాన్ని ఎవరి చేతికివ్వాలో నిర్ణయించే పనిని కూడా సమూహానికి విడిచిపెట్టారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు అనే ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. చివరివాడు యూదుల మతంలో కలిసిన అంతియొకయవాడు. పన్నెండుమందిలోనూ అంద్రెయ, ఫిలిప్పు అనే గ్రీకు పేర్లున్నాయి గనుక పేరును బట్టి ఏడుగురూ గ్రీకుభాషవారేనని ముగించలేము. అయినా ఏడింటికి ఏడూ అలా ఉండడం యాదృచ్ఛికమని నేను అనుకోను. సణిగినవారి చేతికే సంచి అప్పగించారని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక అపార్థాన్ని తొలగించుకోవాలి. ఆహారం పంచిపెట్టడం తక్కువ పని, బోధించడం ఎక్కువ పని అని 2వ వచనం ఆధారంగా చెప్పే ప్రసంగాలు మీరు వినే ఉంటారు. 1వ వచనంలోని “అనుదిన పరిచర్య”నూ, 4వ వచనంలోని “వాక్యపరిచర్య”నూ ఒక గీతతో కలపండి. మూలంలోనూ రెండు చోట్లా ఒకే మాట ఉన్నది. ఈ ఏడుగురిని ఈ భాగం డీకనులని, అంటే సంఘ పరిచారకులనే పదవి పేరుతో, పిలవదు. రెండవ శతాబ్దం చివర బిషప్పు ఐరేనియస్ స్తెఫనును అలా పిలిచాడు. సంఖ్య మాత్రం సంఘం జ్ఞాపకంలో గట్టిగా నిలిచింది. 251లో రోము బిషప్పు అయిన కొర్నేలియస్ అంతియొకయ బిషప్పుకు వ్రాసిన లేఖలో తన సంఘంలో 46 మంది పెద్దలు, 7 మంది డీకనులు ఉన్నారనీ, సంఘం పోషించే విధవరాండ్రు, బీదలు 1,500కు పైగా ఉన్నారనీ లెక్క చెప్పాడు. రెండు వందల ఏండ్లు గడిచినా అంత పెద్ద పట్టణంలో డీకనులు ఏడుగురే.

నా పొరపాటు ఒకటి చెప్పి అభ్యాసానికి వెళతాను. ఒక సంవత్సరం మా సంఘంలో క్రిస్మస్‌కు విధవరాండ్రకు చీరలు పంచే జాబితా వ్రాసే పని నాకు అప్పగించారు. రెండవ ఆరాధనకు వచ్చేవారినే నేను ఎరుగుదును గనుక, తెల్లవారుజాము ఆరాధనకు మాత్రమే వచ్చే ఇద్దరు అవ్వల పేర్లు తప్పిపోయాయి. వారు నాతో ఏమీ అనలేదు. వారి పొరుగింటామె మెట్ల దగ్గర నలుగురు వినేలా నన్ను అడిగింది, నేను అప్పటికప్పుడు జాబితా చూపించి నా నిజాయితీని నిరూపించుకున్నాను. జాబితాలో నిజాయితీ ఉన్నది గాని ఆ రెండు పేర్లు లేవు.

ఈ వారం అభ్యాసం ఇది. ఆరు దినాలు, దినానికొకసారి ఈ ఏడు వచనాలు చదివి, మీ మీద గాని మీ ఇంటి మీద గాని మీ సంఘం మీద గాని ఇటీవల విన్న ఒక ఫిర్యాదును పేజీకి ఎడమవైపున విన్నది విన్నట్లుగా, దాని కటుమాటలతో సహా వ్రాయండి. కుడివైపున అందులోని నిజాన్ని మాత్రం ఒక్క వాక్యంలో వ్రాయండి. ఆ వాక్యంలో “కాని” అనే మాట రాకూడదు. వస్తే కొట్టివేసి మళ్ళీ వ్రాయండి. మొదటి రెండు దినాలు కుడివైపు ఖాళీగా మిగిలినా కంగారుపడవద్దు. అయిదవ దినాన, ఆ నిజం విషయంలో మీ చేతిలో ఉన్న ఏ అధికారాన్ని మరొకరికి అప్పగించవచ్చునో వ్రాసి, ఆరవ దినాన ఆ వ్యక్తితో మాట్లాడండి. ఫిర్యాదు చేసినవారే ఆ వ్యక్తి అయితే మరీ మంచిది.

7వ వచనాన్ని ఇప్పుడే విప్పడం లేదు. వచ్చే పాఠానికి ముందుగా 8వ అధ్యాయం మొదటి మూడు వచనాలు, 21వ అధ్యాయం 8వ వచనం చదివి ఉంచండి. స్తెఫను మరణానికి సమ్మతించి, సంఘాన్ని చెదరగొట్టినవాడు ఏండ్లు గడిచాక కైసరయలో ఎవరి ఇంట దిగాడో, ఆ ఇంటివానిని లూకా ఏ గుర్తుతో పరిచయం చేశాడో నోటుపుస్తకంలో వ్రాసుకొని రండి.